కారం మర దగ్గర

బొంబాయి నుంచి ఒక మాట వచ్చింది
రాత్రి పదిన్నరకి, వాట్సాప్‌లో.
ఇంగ్లీషులో ఎనిమిది ముక్కలు.
తెల్లారేసరికి తెలుగు కావాలన్నారు.
బ్రాడీపేట నాలుగో లైన్లో
శుభలేఖలూ సంతాపం పోస్టర్లూ కంపోజు చేసుకునే నాకు
అది పండగ బేరమే.
"ఇక మరకి వెళ్లక్కర్లేదు, ఇక కన్నీళ్లక్కర్లేదు"
అని కొట్టి, గుండ్రటి ఫాంటు పెట్టి పంపించాను.
మూడొందలు పడ్డాయి.

ఆ పొద్దున మా అమ్మ
డాబా మీద మిరపకాయలు తిరగేస్తోంది.
చెప్పొచ్చు నేను. చెప్పలేదు.
అక్షరాలు పేర్చేవాడి అభిప్రాయం ఎవరిక్కావాలి?

లాడ్జి సెంటర్లో లేచింది హోర్డింగు.
తెల్లచీర అమ్మాయి, తెల్లటి వంటగది,
చెంచా కొసన చిటికెడు కారం.
చిటికెడు!
గుంటూర్లో చిటికెడు వేసేది
చంటిపిల్లల పప్పులో ఉప్పు.

కాలేజీ పిల్లలు ఎర్రటోపీలు పెట్టుకుని
గడపగడపకీ ప్యాకెట్లు పంచారు.
సంపత్‌నగర్‌లో ఒకావిడ వాసన చూసి
"ఇది కారమా కుంకుమా?" అని వెనక్కిచ్చేసింది.
మా పక్కింటి ఇన్నమ్మత్త
చీమలు రాకుండా బియ్యం డబ్బా చుట్టూ గీత గీసింది.
చీమలు దాని మీదుగానే వెళ్లాయి,
మధ్యలో ఆగి, రెండు మాటలాడుకుని మరీ.

ఘాటు సంగతి కాదు నేననేది.
ఘాటు పెంచుకోవచ్చు, యార్డులో తేజ కాయలకి కరువా?
వాళ్లు మరని కష్టం అనుకున్నారు.

మీరావలి మర ముందు
మార్చి నెల మధ్యాహ్నం చూడాలి.
డబ్బాలు వరసలో నిలబడతాయి,
మనుషులు అరుగు మీద కూర్చుంటారు.
ధనియాలెన్ని, మెంతులు మాడాయా,
రంగుకి బాడిగ కలిపావా అంటూ
ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెడతారు.
పెద్దకోడలు వేరుపడ్డ సంగతి అక్కడే తెలుస్తుంది,
చీటీపాట ఎవరికి పోయిందో, ఎవరి బీపీ ఎంతో.
ఆయన పోయిన ఏడాది శౌరమ్మ
ఇంట్లో ఏడవలేదట.
మర దగ్గర ఏడ్చింది, అందరూ తుమ్ముతుంటే
ఎవరి కళ్లనీళ్లు ఎందుకో
లెక్కగట్టేవాళ్లుండరని.

నేను కొట్టిన రెండో ముక్క
అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఏప్రిల్లో సర్వే కుర్రాడొచ్చాడు,
ప్రణీత్ అట, మెడలో కార్డు, చేతిలో ట్యాబు.
"మా ప్యాకెట్టు ఎందుకు కొనట్లేదండీ?"
"ముందీ డబ్బా పట్టుకో నాయనా" అంది శౌరమ్మ.
గంటన్నర పట్టుకున్నాడు.
తుమ్మాడు, మజ్జిగ తాగాడు,
వాళ్లమ్మ ఏ కాయ ఆడిస్తుందో తెలీదన్నందుకు
నలుగురి చేతా తిట్లు తిన్నాడు.
ఎవరో క్యారేజీ విప్పి
మర నోట్లోంచి అప్పుడే రాలిన వేడి కారం
నేతిముద్దలో కలిపి పెడితే
కళ్లు తుడుచుకుంటూ ఇంకో ముద్ద అడిగాడు.
చివర్న ట్యాబు తెరిచాడు.
ధర. రుచి. రంగు. ప్యాకింగు.
నాలుగే గళ్లు.
శౌరమ్మ దేన్లోనూ పట్టలేదు.
బస్సు టైమైంది, "ధర ఎక్కువ" నొక్కి వెళ్లిపోయాడు.

మే నెల గాలివానకి హోర్డింగు ఫ్లెక్సు ఊడిపడితే
మీరావలి రిక్షాలో వేయించుకొచ్చి
మర ముందు పందిరేశాడు, తలకిందులుగా.
అమ్మ డబ్బా మోసుకుని
నేనూ దాని కిందే నిలబడ్డాను.
నా అక్షరాలు ఎండని బాగానే ఆపుతున్నాయి.
ఇన్నమ్మత్త మెడ వంకర తిప్పి చదివింది.
"ఎవడు రాశాడో గానీ
రాత మాత్రం ముత్యాల్లా ఉంది."
నేను తుమ్మాను.

జేబులో ఫోను కదిలింది. బొంబాయి.
ఈసారి ఐదే ముక్కలు,
పది రూపాయలు తగ్గించారట.
తెల్లారేసరికి తెలుగు కావాలట.